నొక్కే చోటు

మైనం మెత్తబడింది. పళ్ళక్క సన్నటి కత్తిమొనతో ఒక్కొక్క పన్నూ ఎత్తి, పై దవడ మైనంలో గుచ్చి, బొటనవేలితో అదిమి, తల కాస్త వెనక్కి వాల్చి చూసుకుంది. ముందు పళ్ళు రెండూ తిన్నగా నిలబడ్డాయి. ఎడమవైపు కోరపన్ను కొంచెం ముందుకొచ్చింది. దాన్ని లోపలికి నెట్టింది. మళ్ళీ ఏమనుకుందో, రవంత బయటికే లాగి వదిలేసింది. అన్నీ ఒకే వరసలో ఉంటే అవి పళ్ళలా ఉండవు, దువ్వెనలా ఉంటాయని ఆమె నమ్మకం.

పై వరస పూర్తయింది. పక్కనే కింది దవడ అచ్చు, తెల్లటి ప్లాస్టరుది, బోసిగా నోరు తెరుచుకుని ఉంది. ఆమె దానివైపు చూడకుండానే అరచేత్తో బల్ల చివరికి జరిపింది.

"తమ్ముడూ, ఈ కిందిది కూడా నువ్వే చూసుకో."

పాలిషు తమ్ముడు గ్రైండరు ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకున్నాడు. తమ్ముడన్నది పిలుపే గాని, మనవరాలిని ఎత్తుకున్న మనిషి. గులాబిరంగు పొడి పట్టి అతని మీసాలూ కనుబొమలూ ఎప్పుడూ ఏదో వేషం వేసినట్టుంటాయి.

"పైవాళ్ళంతా నీవాళ్ళు, కిందివాళ్ళంతా నావాళ్ళానా అక్కా? ఇలా పంచుకుంటూ పోతే ఏదో ఒక రోజు ఎవరి నోట్లోనో కొట్లాట మొదలవుతుంది."

ఇదివరకైతే ఆమె దానికి రెండింతలు అంటించేది. ఇప్పుడు పెదవులు సాగదీసి ఊరుకుంది.

అది పళ్ళ సెట్లు తయారుచేసే చిన్న ల్యాబు. సందులోకి తెరుచుకునే ఒక కిటికీ, రెండు పొడవాటి బల్లలు, గోడల నిండా అరలు. అరల్లో ప్లాస్టరు దవడలు, ప్రతిదాని వెనకవైపు పెన్సిలుతో ఒక నంబరు. అక్కడ పనిచేసేవాళ్ళు మనుషులను చూడరు. నోరు డాక్టరు చూస్తుంది, అచ్చు తీసి పంపుతుంది. వీళ్ళు పళ్ళు చేసి పంపుతారు. ఎవరి నోట్లో ఏది కూర్చుందో, ఆ నోరు తర్వాత ఏం తిన్నదో, ఎవరిని తిట్టిందో వీళ్ళకు తెలియదు. పళ్ళక్క అక్కడ చేరినప్పుడు ప్లాస్టరు కలపడం ఒక్కటే పని. భర్త పోయాక పళ్ళు పేర్చడం నేర్చుకుంది. ఇప్పుడు బజారులో నడుస్తుంటే మనిషి ముఖం కన్నా ముందు పళ్ళు కనిపిస్తాయామెకు.

తలుపు దగ్గర ఓనరు దగ్గాడు. లోపలికి వచ్చే ముందు దగ్గడం ఆయనకు అలవాటు, తన ల్యాబులోకి తనే అనుమతి అడుగుతున్నట్టు. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా.

"డాక్టరమ్మ దగ్గర్నుంచి వెనక్కొచ్చిందమ్మా. కింది సెట్టు. నొక్కుతోందట. పెద్దావిడ పెట్టుకోవడమే మానేసిందట."

"అలవాటవుతుందని చెప్పకపోయారా?" అన్నాడు పాలిషు తమ్ముడు, చూపు పనిమీదనుంచి తీయకుండా. వెనక్కి వచ్చిన ప్రతి సెట్టుకూ ఆ ల్యాబులో ముందుగా వినిపించే మాట అదే. చాలాసార్లు అది నిజమే కూడా.

పళ్ళక్క చేతులు ఒడిలోకి లాక్కుంది.

"చెప్పారట. కాలేదట." ఓనరు డబ్బా ఆమె ముందు పెట్టాడు. "ఇది నువ్వే చెయ్యాలి. సాయంత్రానికి. సగం నోరు చేసే మనిషిని పెట్టుకుని నేనెన్నాళ్ళు నడపగలను చెప్పు. కోపంతో అనడం లేదు. ఇవాళ నీ మాటల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళే రోజు కదా, వెళ్ళి రా. వచ్చాక చెయ్యి. చెయ్యలేనంటే ఆ ముక్కే చెప్పు. ఇంకొకరిని చూసుకుంటాను."

ఆయన వెళ్ళిపోయాక పాలిషు తమ్ముడు గ్రైండరు పక్కన పెట్టాడు.

"అన్నాడే గాని, చెయ్యడులే అక్కా," అన్నాడు.

"చేస్తాడు," అంది ఆమె. "చెయ్యాలి కూడా. ఆయనదేం తప్పుంది?"

*

వేసవి మొదట్లో ఆమె అత్తగారు పోయింది. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. అప్పటినుంచీ కింది దవడ చేతిలోకి తీసుకుంటే వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. మొదట ఒక అచ్చు జారి ముక్కలైంది. తర్వాత గ్రైండరు బొటనవేలిని గీరింది. కట్టు కట్టిన పళ్ళ డాక్టరమ్మ ఆ వేలిని వదలకుండా పట్టుకుని, "ఎవరితోనన్నా మాట్లాడుతున్నావా నువ్వు?" అని అడిగింది. తనకు తెలిసినావిడ ఒకరున్నారనీ, ఒక్కరితో ఒక్కరే కూర్చుని మాట్లాడటమే ఆవిడ చేసే వైద్యమనీ చెప్పింది.

"నాకేమన్నా మతి చెడిందా అమ్మా?"

"మతి చెడలేదు. మనసు వాచింది. చిగుళ్ళు వాస్తే నా దగ్గరికి వస్తారు. వాపు లోపలుంటే నేనేం చూడగలను?"

చెప్పుల దుకాణం పైన, మెట్లెక్కి వెళ్తే ఉంటుందా గది. రెండు కుర్చీలు. అవి ఎదురెదురుగా ఉండవు. కొంచెం ఏటవాలుగా వేసి ఉంటాయి, చూడాలనుకుంటే మనిషిని చూడొచ్చు, వద్దనుకుంటే కిటికీ చూడొచ్చు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద నీళ్ళ జగ్గు. గడియారం వచ్చినవాళ్ళ వీపు వెనక గోడకుంటుంది. మాటల డాక్టరమ్మ పళ్ళక్క కన్నా బాగా చిన్నది. పైపళ్ళలో ఒకటి పక్కదాని మీదకి ఎక్కి ఉంది. పళ్ళక్క మొదట నమ్మింది ఆ పన్నునే.

మొదటిసారి ఆమె ప్లాస్టరు గురించి చెప్పింది. ఎండాకాలంలో అది ఎలా తొందరగా గడ్డకడుతుందో, నీళ్ళు ఎక్కువైతే ఎలా బుడగలొస్తాయో. డాక్టరమ్మ విన్నది. 'కబుర్లు చెప్పుకోవడానికి ఒక గది, గదికి ఒక బోర్డు. మా అత్త ఈ పని ప్రహరీగోడ మీద మోచేతులు ఆనించి చేసేది' అనుకుంటూ మెట్లు దిగింది పళ్ళక్క. ఆ రోజు మాత్రం నిద్ర పట్టింది. ఇంకోసారి వెళ్ళినప్పుడు, ఎప్పుడో పోయిన భర్త మాట వచ్చి, అప్పుడు ఏడవని ఏడుపు ఇప్పుడు ఏడ్చింది. అత్తగారి సంగతి అడిగితే మాత్రం, "పెద్దావిడండీ, వయసైపోయింది, పోయింది," అని మళ్ళీ ప్లాస్టరులోకి వెళ్ళిపోయేది. డాక్టరమ్మ వెంటపడేది కాదు. తలుపు కొద్దిగా తెరిచి ఉంచినట్టు, "ఎప్పుడైనా," అనేది.

*

ఆ మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నాక గాని పళ్ళక్క గమనించలేదు, ఆ డబ్బా తన సంచిలోనే వచ్చేసిందని. తీసి బల్ల మీద పెట్టింది.

"ఏమిటండీ ఇది?"

"కింది సెట్టు. నొక్కుతోందని వెనక్కి పంపారు. ఎవరో పెద్దావిడది."

"నొక్కితే ఏం చేస్తారు మీరు?"

పని గురించిన ప్రశ్న కాబట్టి ఆమె గొంతు తేలికపడింది. "ఏముందండీ. లోపలివైపు రంగు ముద్ద పలచగా పూస్తారు. నోట్లో పెట్టి ఒకసారి కొరకమంటారు. తీసి చూస్తే ఒకచోట రంగు చెదిరి ఉంటుంది. అదే నొక్కే చోటు. అక్కడ రవ్వంత గీకాలి. మళ్ళీ పెట్టి అడగాలి. అంతే. చిటికెలో పని."

అక్కడ ఆగింది. కిటికీ వైపు చూసింది. ఎదురింటి మేడ మీద ఎవరో తడిబట్టలు దులుపుతున్నారు.

"చిటికెలో పనండీ," అంది మళ్ళీ. "నేను చెయ్యలేదు."

డాక్టరమ్మ జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి, గ్లాసును ఆమెకు అందేంత దూరంలో పెట్టింది.

పళ్ళక్క చెప్పడం మొదలుపెట్టింది. ముందు అత్తగారి నోటి గురించి చెప్పింది. ఆ నోరు నిద్రలో కూడా ఊరుకునేది కాదు. కోడలు ఏం చేసినా ఒక మాట తగిలించనిదే ఆవిడకు పొద్దు గడిచేది కాదు. "నీ టీ తాగితే నాకే కాదే, కప్పుకి కూడా విరక్తి పుడుతుంది" అనేది. కొడుకు పోయాక ఆ నోరు ఇంకా పెరిగింది. పళ్ళు ఊడిపోయాయి గాని మాట ఒక్కటీ ఊడలేదు.

"ఒకరోజు పక్కింటావిడ ముందు అంది: ఊరందరి నోళ్ళూ బాగుచేస్తుంది మా కోడలు, ఇంట్లో నోరు మాత్రం దీని కంటికి ఆనదు అని. నాకు పౌరుషం వచ్చింది. పళ్ళ డాక్టరమ్మ చేత ఆవిడ నోటి అచ్చు తీయించాను. భోజనాల వేళప్పుడు కూర్చుని రెండు సెట్లూ నేనే చేశాను. చేస్తూ ఏమన్నానో తెలుసా అండీ? మా పాలిషు తమ్ముడితో అన్నాను, ఈ పళ్ళు పెడితేనన్నా మా అత్త నోరు మూతపడుతుందేమో చూద్దాం అని. ఇద్దరం నవ్వుకున్నాం."

సెట్టు ఖాయం చేసేముందు మైనంతో ఉండగానే ఒకసారి నోట్లో పెట్టి చూడాలి. ఎవరికైనా అలాగే చేస్తారు. అత్తగారే కదా, నేను చూసుకోనా అని ఆమె ఆ పని ఎగరగొట్టేసింది. ఇంటికి తీసుకెళ్ళి పెట్టింది. ముఖం నిండుగా వచ్చింది. ముసలావిడ అద్దంలో చూసుకుని చాలాసేపు అద్దం దింపలేదు. రెండు రోజులు పోయాక అంది.

"నీ పళ్ళు నన్ను కొరుకుతున్నాయే."

"అందరూ అలాగే అంటారు అత్తా. అలవాటవుతుంది."

"కింద ఇక్కడ, ఇదిగో, ఈ మూల..."

"అలవాటవుతుందన్నానా."

"నేను అది కూడా తిట్టే అనుకున్నానండీ. టీ బాగాలేదు, కూర బాగాలేదు, ఇప్పుడు పళ్ళు బాగాలేవు. ఏ రోజు మెచ్చుకుంది గనక? నోరు తెరిచి చూపించు అని అడగలేదు. మూడోసారి ఆవిడా చెప్పలేదు."

ఆ తర్వాత ముసలావిడ మాట తగ్గింది. సాయంత్రం పళ్ళక్క వచ్చేసరికి వీధివైపు కుర్చీలో పళ్ళు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేది. "వచ్చానత్తా" అంటే తల ఊపేది. టీ ఇస్తే తాగేది, కప్పు మీద విమర్శ లేదు. మెత్తగా ఉడికించినదే కొంచెం తినేది.

పళ్ళక్క గ్లాసు అందుకుంది. తాగలేదు.

"నాకు హాయిగా ఉండేదండీ."

అది చెప్పి ఆమె డాక్టరమ్మ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏదైనా మారుతుందేమోనని వెతికింది. మారలేదు.

"పనంతా అయ్యి ఇంటికొస్తే ఒక్క మాట పడక్కర్లేదు. ఇన్నేళ్ళకి నా ఇల్లు నా ఇల్లులా ఉంది అనుకున్నాను. ఈవిడకేమైంది, ఎందుకిలా ముడుచుకుపోయింది అని అడిగితే మళ్ళీ నోరు తెరుస్తుందేమోనని, అడగలేదు."

"ఆ రోజు గురించి చెబుతారా?" అంది డాక్టరమ్మ.

"ఆ రోజు కూడా అంతేనండీ. వచ్చాను. వచ్చానత్తా అన్నాను. కుర్చీలోనే ఉంది. మాట్లాడలేదు. మాట్లాడకపోవడం మామూలేగా. లోపలికెళ్ళి టీ పెట్టాను. గిన్నెలు కడిగాను, ఏదో కూనిరాగం కూడా తీశాను. రెండు కప్పులు తెచ్చి ఆవిడది ఆవిడ పక్కన పెట్టాను. నాది పట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాను. బయట పిల్లలు ఆడుకుంటున్నారు. గాలి బాగుంది. మొత్తం తాగానండీ. అడుగు దాకా. కప్పు కింద పెట్టి చూస్తే, ఆవిడ కప్పు మీద మీగడ కట్టి ఉంది. అప్పుడు చెయ్యి ముట్టుకున్నాను."

కింద దుకాణంలో ఎవరో కొత్త చెప్పులు వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంటున్నారు.

"గుండె ఆగిపోయిందన్నారు. నిద్రలో పోయినట్టే, బాధ తెలియలేదన్నారు. వచ్చిన డాక్టరు పళ్ళు తీసి నా చేతిలో పెట్టాడు. కింది సెట్టు లోపల గుడ్డ ఉంది. తన రుమాలు కత్తిరించి, చిగుళ్ళ మీద మెత్తగా ఉండేలా, అంచులు మడిచి కుట్టుకుంది. మర్నాడు పక్కింటావిడ ఏడుస్తూ చెప్పింది. సూదిలో దారం నేనే ఎక్కించానమ్మా అంది. పగలంతా పళ్ళు తీసేసి గోడ దగ్గర నాతో వాగుతూనే ఉండేది, నీ గేటు చప్పుడు వినపడగానే, అమ్మో కోడలొచ్చేసింది, పళ్ళు పెట్టుకోవాలి, చేసిపెట్టిన పిల్ల నొచ్చుకుంటుంది అని లోపలికి పోయేది అంది. గుడ్డ పెట్టుకుంటే పళ్ళు నిలవవండీ. నోరు తెరిస్తే కదిలిపోతాయి. అందుకని మాట్లాడేది కాదు. అలక కాదు, నీరసం కాదు. నా పళ్ళు నోట్లో ఉన్నంతసేపే ఆవిడకి మాట లేదు. అవి పెట్టుకున్నది నాకోసమే."

ఆమె ఏడవలేదు. కట్టు విప్పేసిన బొటనవేలి మీద మచ్చను ఇంకో వేలితో రుద్దుకుంటూ కూర్చుంది.

"నా తప్పు లేదని చెప్పరా?" అంది. "అందరూ అదే చెబుతున్నారు."

"చెప్పనండీ. చెప్పినా మీరు నమ్మరు. ఆవిడ నొప్పి అంటే మీరు వినలేదు. అది జరిగింది." డాక్టరమ్మ కొంచెం ముందుకు వంగింది. "ఒకటి అడుగుతాను. మీరు వచ్చాక, కోడలికి ఒకసారి చూపించేసి, లోపలికెళ్ళి పళ్ళు తీసేసి పడుకోవచ్చుగా ఆవిడ?"

పళ్ళక్క ఆలోచించింది. ఈ ప్రశ్న ఆమెకు ఎప్పుడూ తట్టలేదు.

"వెళ్ళేది కాదు."

"ఏం చేసేది?"

"కూర్చునేది. దీపాలు పెట్టేదాకా నా పక్కనే కూర్చునేది."

"రోజూనా?"

"రోజూ," అంది పళ్ళక్క. అప్పుడు ఏడ్చింది, చేతులు అడ్డం పెట్టుకోకుండా, పళ్ళు కనబడేలా.

డాక్టరమ్మ గడియారం వైపు చూడలేదు. చాలాసేపటికి, "ఇది ఇవాళ్టితో అయిపోదండీ," అంది. "మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడు మీరొక్కరే మొయ్యక్కర్లేదు. ఇక్కడికి పట్టుకురండి."

లేచేటప్పుడు పళ్ళక్క డబ్బా మర్చిపోబోయింది. డాక్టరమ్మే తీసి అందించింది, రెండు చేతులతో.

*

ఆమె ల్యాబుకి వెళ్ళలేదు. నేరుగా పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కుకి వెళ్ళి, "ఈ సెట్టు ఎవరిదో ఆవిణ్ణి పిలిపించండమ్మా. నేను చూసి చేస్తాను," అంది. డాక్టరమ్మ ఆమె కళ్ళు చూసింది, ఎందుకని అడగలేదు.

పెద్దావిడ వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కుర్చీ ఎక్కింది.

"ఎక్కడ నొక్కుతోందమ్మా?"

"పర్లేదులే తల్లీ. అలవాటవుతుందన్నారుగా."

"అలవాటు అవ్వక్కర్లేదు. ఎక్కడో చెప్పండి."

పళ్ళక్క రంగు ముద్ద పూసి, పెట్టి కొరకమని, తీసి చూసింది. వేళ్ళు మొద్దుబారాయి. అయినా గీకుడు యంత్రం అందుకుంది. మోచేతిని బల్లకి ఆనించి, చెదిరిన చోట రవ్వంత గీకింది. పెట్టింది. అడిగింది. ఇంకొంచెం, అంది పెద్దావిడ. మళ్ళీ తీసింది. అలా ఎన్నిసార్లో. చివరికి పెద్దావిడ దవడ అటూ ఇటూ కదిపి, "ఆఁ," అంది. ఆ వెంటనే మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ తనమాట ఎవరూ వినలేదనీ, ఈ కుర్చీ ఇంత ఎత్తెందుకనీ, ఈ పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి, తన వయసు మనిషికి ఇవేం పళ్ళనీ.

"మీరే కదూ చేసింది? పైన కోరపన్ను వంకర పెట్టారేం?"

"చెప్పండమ్మా," అంది పళ్ళక్క. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంకా ఏం బాగాలేదో చెప్పండి."

ల్యాబుకి వచ్చి డబ్బా ఖాళీ అయిందని చూపించింది. ఓనరు మూత తీసి చూసి, దగ్గి, వెళ్ళిపోయాడు. పాలిషు తమ్ముడు పొద్దున తనవైపు వచ్చిన కింది అచ్చును బల్ల మీదుగా మళ్ళీ ఆమె ముందుకి జరిపాడు. ఆమె దాన్ని తోసెయ్యలేదు. రేపు చేస్తానని దాని మీద తడిగుడ్డ కప్పింది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గేటు చప్పుడైంది. వీధివైపు రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. "వచ్చానత్తా," అంది. ఇవాళ వెంటనే లోపలికి పోలేదు. గడపలో నిలబడి, బదులు రావడానికి పట్టేంతసేపు ఆగింది.

టీ పెట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. నిజంగానే బాగాలేదు.

రెండో కుర్చీ పక్కన, కిటికీ గట్టు మీద, ఎవరూ కదపని గాజు గిన్నె ఉంది. అందులో పై సెట్టు బోర్లా, కింది సెట్టు వెల్లకిలా. దాని ఒంపులో ఆ ఒంపుకే సరిపోయేలా కత్తిరించిన పాత రుమాలు ముక్క, చుట్టూ చీమలబారులాంటి సన్నటి కుట్లు, చివర ముడి వేసి తెంపడం మరిచిపోయిన జానెడు తెల్లదారం.